మూడో పిన్ను

2025వ సంవత్సరం ఆగస్టు 11వ తేదీ, సోమవారం. కోనసీమ జిల్లా అంబాజీపేట కాపురస్తుడు, కీర్తిశేషులు చొల్లంగి సూర్యనారాయణ గారి కుమారుడు, అరవై మూడేళ్ల వయసు గలవాడు, రేడియో మెకానిక్కు, ముప్ఫై ఎనిమిదేళ్లు ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయించినవాడు అయిన చొల్లంగి జనార్దన్ అనే నేను నా ఇష్టపూర్తిగా రాయిస్తున్న వీలునామా.

నా మతి స్థిమితంగానే ఉంది. చెవులు అంతకంటే స్థిమితంగా ఉన్నాయి. పక్కింటి ఫ్రిజ్ ఏ శ్రుతిలో మూలుగుతోందో మంచం మీద నుంచే చెప్పగలను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. దస్తూరీ మాత్రం నా భార్య సావిత్రిది. నా రాత కోడి కెలికినట్టుంటుంది కాబట్టి, సబ్ రిజిస్ట్రారు గారి కళ్ల మీద జాలితో ఆమెను బతిమాలుకున్నాను. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది.

ఇప్పుడే ఎందుకంటే, జూన్‌లో కాకినాడ డాక్టర్లు నా ఎడమ భుజం కింద చర్మం కోసి ఒక పేస్‌మేకర్ పెట్టారు. గిటార్లలో రెండు జాతులున్నాయి. లోపల బ్యాటరీ లేనిది పాసివ్, ఉన్నది యాక్టివ్. జన్మంతా పాసివ్ గిటారే గిటార్ అని వాదించి స్నేహితులను దూరం చేసుకున్న నన్ను చివరికి యాక్టివ్ చేసి ఇంటికి పంపారు. పెద్ద స్పీకర్ల పక్కన, అయస్కాంతాల పక్కన ఇక నిలబడవద్దన్నారు. బేస్ గిటార్‌లో తీగల మోతను పట్టే పికప్ అంటేనే అయస్కాంతం. కాబట్టి నేను ఉండగానే నా సామాను ఎవరికి చెందాలో తేలాలి.

1. అంబాజీపేటలో నా స్వార్జితమైన మూడు గదుల పెంకుటిల్లు, దాని చుట్టూ ఉన్న ఎనిమిది సెంట్ల స్థలం, నా తదనంతరం నా భార్య సావిత్రికి సర్వహక్కులతో చెందవలెను.

2. అదే సావిత్రికి ఒక కొత్త ఇత్తడి గిన్నె కూడా చెందవలెను. బేస్ తీగలు పాతబడితే మాబోటి వాళ్లం కొత్తవి కొనం, నీళ్లలో ఉడకబెడతాం. జిడ్డు వదిలి గొంతు తేరుకుంటాయి. నేను వాటిని ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న అన్నం గిన్నెలో ఉడకబెట్టాను, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆమె ఆ గిన్నెను బయట పడేసి వారం రోజులు మాట్లాడలేదు. ఈ గిన్నె వీలునామా కోసం ఆగనక్కర్లేదు, శుక్రవారం సంతకు వెళ్లి కొంటాను.

3. నా కుమార్తె మాధురి రాజోలులో ల్యాబ్ టెక్నీషియన్. స్థలం సావిత్రిదైనా, ఇంటి వెనక ఏడు కొబ్బరి చెట్లు, వాటి కాపు ఆమెవి. నా పాత మల్టీమీటరు కూడా ఆమెకే. ఆరో తరగతిలో దానితో బ్యాటరీలు కొలిచి, పలక మీద రాసి, ఏది బతికింది ఏది చచ్చింది నాకు చెప్పేది. ఇప్పుడు మనుషుల రక్తం కొలుస్తోంది. నా రిపోర్టులు చూసి ఫోన్‌లో గొంతు మామూలుగా పెట్టుకుని మాట్లాడిందే, ఆ రోజు నాకు ఆ పిల్ల మీద ఎంత ప్రేమ వచ్చిందో ఇక్కడ రాయించకపోతే ఇంకెక్కడా చెప్పలేను.

4. కీబోర్డు వాయించే గంగాధరరావుకి ఉన్ని తొడుగు ఒకటి, ఎడమ చేతిది మాత్రమే. ఆయన కుడి చేతితో పాట, ఎడమ చేతితో బేస్ వాయించి, వేరే బేస్ మనిషి అక్కర్లేదని మా ఆర్కెస్ట్రా యజమానికి నచ్చచెప్పాడు. ఆరేళ్లు ఇంట్లో కూర్చున్నాను. కీబోర్డు బేస్‌లో స్వరం ఉంటుంది, వేలు ఉండదు. చలికాలంలో ఆ చేతికి తొడుగు వేసుకుని, కుడి చేతితో సంతోషంగా ఉండవలెను.

5. దేవుడు నా పక్షాన ఉన్నాడనడానికి రుజువు, ఆ గంగాధరరావు కుమార్తె లక్ష్మీతులసి ఇంజినీరింగు చదువుతూ తండ్రి కీబోర్డు ముట్టకుండా బేస్ గిటార్ పట్టింది. నా గిటార్ ఆమెకు చెందవలెను.

ఈ గిటార్ చరిత్ర ఆమెకు తెలియాలి. దీన్ని మలికిపురం బాబ్జీ మస్కట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నాలుగే తీగలున్నాయేమిటంటే, రెండు తెగిపోయి ఉంటాయిలే, ఊళ్లో వేయించుకుందాం అనుకున్నాడు. ఊరొచ్చాక వడ్రంగి చేత దాని తలలో ఇంకో రెండు కన్నాలు కూడా తొలిపించాడు. మామూలు గిటార్‌కి ఆరు తీగలు, బేస్‌కి నాలుగే ఉంటాయని నేను చెప్పాక సిగ్గుపడి నాకే ఇచ్చేశాడు. ఆ కన్నాలు పూడ్చవద్దు.

తులసికీ నాకూ రుచిలో పొత్తు కుదరదు. ఆమెకు ఐదు తీగలు కావాలి, బ్యాటరీ కావాలి, బొటనవేలితో తీగను కొట్టాలి. నేను గిటార్ మీద తీగలు ఆనుకునే వంతెన దగ్గర, వాటి కింద కొబ్బరి పీచు కుక్కి వాయిస్తాను. స్వరం పలికి వెంటనే తప్పుకుంటుంది, పాడేవాళ్లకు చోటు ఇస్తుంది. రిపేరుకి వచ్చినప్పుడల్లా ఆ పీచు పీకేసి “ఊపిరాడనివ్వండి బాబాయ్ గారూ” అంటుంది. నేను మళ్లీ పెడతాను. గిటార్ చేతికి వచ్చాక పీచు తీసేసే హక్కు ఆమెకు ఉంది. ఏడాదిలో తనే తిరిగి పెట్టుకుంటుందని నా నమ్మకం. ఒకవేళ పెట్టుకోకపోతే, నేను వినని సంగీతం ఏదో ఆమె విన్నదని సంతోషిస్తాను.

6. ఈ వీలునామాను అమలు జరపవలసినవారు మా వీధి రిటైర్డు పోస్టుమాస్టరు హరిబాబు గారు. ఆయనకు పాటలంటే పడదు కాబట్టి పక్షపాతం ఉండదు.

7. బస్టాండు దగ్గర నా రిపేరు కొట్టు, అందులోని స్పీకర్లు, సోల్డరింగ్ సామాను, నేను స్వయంగా తయారుచేసిన బేస్ యాంప్లిఫయరు, అన్నీ కొత్తపేట కాపురస్తుడు మట్టపర్తి త్రిమూర్తులు గారికి చెందవలెను.

ఇక్కడ సావిత్రి కలం ఆపి “ఆ షాకు త్రిమూర్తులికాండీ? మతి ఉండే రాయిస్తన్నారా?” అంది. ఉండే రాయిస్తున్నాను. పైన మతి స్థిమితంగా ఉందని రాయించింది ఇందుకే. 2001లో కొత్తపేట పెళ్లిలో సావిత్రికి షాకు కొట్టింది త్రిమూర్తులు మైక్ సెట్టు వల్ల కాదు, నా

8. ఇక్కడి నుంచి రాత నాది. పై మాట సగంలో ఉండగా సావిత్రి కలం కింద పెట్టి లోపలికి వెళ్లింది. సంచి సర్దుకుని రాజోలు బస్సెక్కింది. సబ్ రిజిస్ట్రారు గారు నా కోడి రాతను క్షమించాలి.

సావిత్రి మా ఆర్కెస్ట్రాలో గాయని. ఆ రోజు పెళ్లికి రాజమండ్రి నుంచి ఒక పెద్ద ఆర్కెస్ట్రా ఆయన వస్తున్నాడని తెలిసింది. ఆయన చెవిన పడితే నాకు పెద్ద అవకాశం వస్తుందని ఆశ. నా యాంప్లిఫయరు మాత్రం పొద్దుటి నుంచి గుయ్యిమని ఒకటే హోరు. ఎంత చేసినా పోలేదు. త్రీపిన్ ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్ను ఎర్తుది. పెట్టెలో కరెంటు లీకైతే మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోయే దారి అది. ఒక్కోసారి హోరు కూడా ఆ దారినే వస్తుంది. నేను కటింగ్ ప్లయరు తీసుకుని ఆ పిన్ను కత్తిరించేశాను. హోరు పోయింది. ఎంత శుభ్రంగా మోగిందో! మెకానిక్కుని, అది తప్పని నాకు తెలుసు. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి మైకులు సరిచూసుకుంటున్నాం. వాన పడి వేదిక తడిగా ఉంది. సావిత్రి చెప్పులు విప్పి, కుడి చేతిలో మైకుతో నా దగ్గరకు వచ్చి, శ్రుతి తగ్గిందని నన్ను ఆటపట్టిస్తూ ఎడమ చేత్తో నా గిటార్ తీగ మీటింది. పెట్టెలో లీకైన కరెంటు గిటార్ వైరు గుండా తీగల దాకా వచ్చి ఉంది, బూట్లు వేసుకున్న నాకు తెలియలేదు. విసిరేసినట్టు వేదిక మీద నుంచి కింద పడింది. ఎడమ మణికట్టు విరిగింది. కళ్లు తెరవడానికి ఎంతసేపు పట్టిందో నేను లెక్కపెట్టలేదు, నాకు చేతకాలేదు.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపినవాడు ఆ పెళ్లికి మైక్ సెట్టు తెచ్చిన త్రిమూర్తులు. ఆయన చేతిలో వైర్లున్నాయి. పెళ్లివారు అవి చూశారు. ఎవరిదయ్యా తప్పు అని నన్నడిగారు. “మైక్ సెట్టుదే అయ్యుంటుందండి” అన్నాను. అంతే. ఒక్క మాట. ఆయన నా ముఖం చూసి, వైర్లు చుట్టుకుంటూ వెళ్లిపోయాడు. భార్య పడిపోయిన మనిషితో ఏం వాదిస్తాం అనుకున్నాడేమో.

ఆ సీజన్‌లో ఆయనను ఒక్క పెళ్లికీ పిలవలేదు. ఏడాది తిరక్కుండా మైక్ సెట్టు అమ్మేసి, షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చుకుంటున్నాడు. ఊరు ఆయనకు షాకు త్రిమూర్తులు అని పేరు పెట్టింది. ఎందుకో తెలియని చిన్నపిల్లలు కూడా అలాగే పిలుస్తారు. సావిత్రి ఇరవై నాలుగేళ్లుగా ఆయన షామియానా కింద భోజనానికి కూర్చోలేదు. నేను మాత్రం ఆ రాత్రే వేరే ప్లగ్గు బిగించి, పాతది కాలవలో పడేశాను. నా సెల్లులో కూడా ఆయన పేరు షాకు త్రిమూర్తులు అనే ఉంది. ఇప్పుడే మార్చాను. నాకు సిగ్గుగా ఉంది. ఇంతకంటే మంచి మాట వెతికాను, దొరకలేదు.

9. ఈ వీలునామాను బతికుండగా మార్చుకునే హక్కు నాకుంది. 8వ క్లాజును మార్చే హక్కు మాత్రం నాకు కూడా లేదు. షాకు అనే పేరు త్రిమూర్తులు గారి ఆస్తి కాదు. అది పూర్తిగా నా స్వార్జితం. ఇన్నాళ్లూ ఆయన దగ్గర అక్రమంగా ఉంచిన ఆ పేరును నేను తిరిగి నా స్వాధీనంలోకి తీసుకుంటున్నాను. ఇకపై ఎవరికైనా పిలవాలని ఉంటే నన్ను పిలవవలెను.

10. ఆగస్టు 21వ తేదీ, గురువారం. ఇక్కడి నుంచి మళ్లీ సావిత్రి దస్తూరీ.

ఈ పది రోజులూ ఆమె మాధురి దగ్గర ఉంది. ఈ ఉదయం ఆటో దిగింది. వెనకే త్రిమూర్తులు దిగాడు. ఆమె ముందు చుట్టు తిరిగి కొత్తపేట పోయి, తనే ఆయన ఇంటికి వెళ్లి సంగతి చెప్పిందట. నాతో ఒకటే అంది. “చెయ్యి విరిగినందుకు కాదండి. ఇరవై నాలుగేళ్లు నాచేత ఒక మంచి మనిషిని తిట్టించేరు.” ఆ మాట కూడా ఇక్కడ ఆమే రాస్తోంది.

త్రిమూర్తులు టీ ముట్టలేదు. ముందు నా యాంప్లిఫయరు దగ్గరకు వెళ్లి, ప్లగ్గు ఊడదీసి మూడో పిన్ను చేత్తో లాగి చూశాడు. తర్వాత అరుగు మీద కూర్చుని ఈ కాగితాలు రెండుసార్లు చదివాడు. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. పైకి లెమ్మనలేదు. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టాడు.

“సామాన్లు నాకొద్దండి. వీలునామాలో వాటా ఉన్నోడు సాక్షి సంతకం పెట్టకూడదంటారు కదా? నా పేరు అక్కడ కొట్టేసి, కిందన రాయండి. ఇది నిజమని సంతకం పెట్టడానికి నాకంటే ఎవడున్నాడండి? ఆయ్, ఇంకో మాట. ఇరవై జిరాక్సులు తీయించండి. కొత్తపేటలో నేనే పంచుకుంటాను.”

కాబట్టి 7వ క్లాజులో ఆయన పేరు నా అంగీకారంతో కొట్టివేయడమైనది. ఆ కొట్టు, సామాను మాధురికి చెందవలెను. కొట్టివేతలు ఒకటి, దిద్దుబాట్లు లేవు, సగంలో ఆగిన మాట ఒకటి. ఆ మాటను పూర్తి చేయమని సావిత్రిని అడిగాను. అలాగే ఉండనివ్వమంది.

గిన్నె సంగతి తప్ప మిగిలిన క్లాజులన్నీ నా తదనంతరం అమల్లోకి రావలెను. 8, 9 క్లాజులు మాత్రం ఈ రోజు, బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపు తలుపు తీసిన వెంటనే అమల్లోకి వస్తాయి.

అంబాజీపేట,
21-08-2025

(సంతకం) చొల్లంగి జనార్దన్

దస్తూరీ: చొల్లంగి సావిత్రి. 8, 9 క్లాజులు తప్ప.

సాక్షులు:

1. కె. హరిబాబు, రిటైర్డు పోస్టుమాస్టరు, అంబాజీపేట.

2. మట్టపర్తి త్రిమూర్తులు, మైక్ సెట్టు, కొత్తపేట.