కలకత్తాలో కురిసిన వాన

నరసరావుపేట,
27 జూలై 1941, ఆదివారం.

కలకత్తాలో ఉన్న మా బావ కృపాదానం గారికి,

మీ దీవెనమ్మ వందనాలు చేసి రాయునది. ఇక్కడ అత్తమ్మ, నేను, గేదె, మూడు ప్రాణాలమూ దేవుని దయవల్ల కులాసా. అక్కడ మీ కాళ్ళూ మోకాళ్ళూ కూడా కులాసాగా ఉన్నాయని తలుస్తాను. మిగతా శరీరం గురించి మీరు ఎప్పుడూ రాయరు గనుక నేనూ అడగను.

మీ జాబు గురువారం అందింది. ఫుట్‌బాలు లీగు ముగిసిందనీ, రెండో స్థానందాకా ఎక్కిన మీ మిల్లు జట్టు చివరకు అయిదో స్థానంలో నిలిచిందనీ రాశారు. మళ్ళీ ఏడాదికి సంతకం పెడతారో లేదో ఆగస్టు మొదటి వారంలోగా చెప్పమని క్లబ్బు సెక్రటరీ అడిగాడట. పెట్టకపోతే మిల్లులో పనీ పోతుందట. అప్పుడు ఇంటికి వచ్చేసి మన మిషన్ హైస్కూలులో ఖాళీగా ఉన్న డ్రిల్లు మాస్టరు పనిలో చేరతానన్నారు. "నీవు ఏది అంటే అది" అని రాసి కింద గీత కూడా గీశారు. పెళ్ళయిన దగ్గరనుంచి నన్ను ఎవరూ ఇంత పెద్ద ప్రశ్న అడగలేదు. అందుకని దాని జవాబు చివర రాస్తాను. ముందు చిన్న ప్రశ్నలు.

అత్తమ్మ దగ్గు తగ్గింది. మీరు పంపిన మందు వల్ల కాదు. సీసా బాగుందని మందు పారబోసి అందులో ఆముదం పోసుకుంది. గేదె ఈనింది. దూడ నల్లగా, చెవులు పెద్దవిగా ముద్దుగా ఉంది. తల్లి పొదుగు ముందు అడ్డంగా నిలబడి చెంబుతో వెళ్ళినవాళ్ళను దగ్గరికి రానివ్వదు. అందుకని అత్తమ్మ దాన్ని గోలుకీపరు అని పిలుస్తున్నది. ఆ మాట ఎక్కడ నేర్చావని అడిగితే, "ఎండాకాలం నుంచీ ఈ ఇంట్లో ఇంకో మాట ఇనపడితే గదా" అంది.

పేపరు రోజూ చదువుతున్నావా అని అడిగారు. చదువుతున్నాను. మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపరు నేను చదువుకుంటున్న స్కూలు పెద్ద టీచరమ్మకు రైల్లో వస్తుంది. మన పక్కింటి జుబేదా అక్క భర్త సత్తార్ దాన్ని స్టేషన్లో తీసుకుని తన జట్కాలో తెచ్చి ఇస్తాడు. దారిలో తనకు చదవడం రాకపోయినా ఆటల పుట విప్పి, చదువు వచ్చినవాడు ఎవడు బండి ఎక్కితే వాడిచేత చదివించుకుంటాడు. నా చేతికి వచ్చేసరికి మీరు గెలిచారో లేదో పేటలో సగం మందికి తెలిసిపోయి ఉంటుంది. మీ సంగతి మీ భార్యకు ఆఖరున తెలియడం నాకు ఎట్లా ఉంటుందో మీరు ఆలోచించారా?

మీరు లేనందుకు నాకు బెంగగా ఉందా అని కూడా అడిగారు. బెంగ కాదు బావా. ఈ ఏడాది స్కూల్లో చానా మాటలు నేర్చుకున్నాను. ఒక్కొక్కదాన్నీ నాలుక మీద పెట్టుకుని రుచి చూస్తున్నాను. బెంగ అనే మాటలో తడి ఉంది. నాకున్నది పొడిగా, మంటగా ఉంది. దాని పేరు అసూయ. పేరు తెలిశాక తగ్గుతుందనుకున్నాను. ఇంకా పెరిగింది.

మొదట నాకు మీ లీగు మీదే అసూయ. మేలో ఒక సాయంత్రం జుబేదా అక్క గోడ మీదుగా తొంగి చూసి, "ఏమే దీవెనా, మీ ఆయన పందెం గెలిచినాడంట. మా ఆయన గుర్రానికి కూడా చెప్తన్నాడు" అంది.

"పందెం కాదక్కా, లీగు."

"అంటే ఏంది?"

"ఒక్క ఆటతో అయిపోదు. ప్రతి జట్టూ మిగతా అన్నిటితోనూ ఆడాలి. ఎండల్లో మొదలైతే వానల్లో అయిపోద్ది. దేశంలో అంతకుమించిన ఆట లేదంట."

"ఓడిపోతే?"

"ఓడినా మళ్ళా వారం ఆడాల్సిందే. గెలిచినా ఆడాల్సిందే."

జుబేదా అక్క, "అట్టయితే అది ఆటెందుకయిద్దే, కాపురం" అంది. "నువ్విక్కడ, నీ మొగుడి కాపురం అక్కడ."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. లోపలికి వచ్చి మీ పెట్టె మీద కూర్చుని ఆ మాటే తలుచుకున్నాను. ఆమె మొగుడు సాయంత్రమయ్యేసరికి గుర్రపు వాసనతో ఇంటికి వస్తాడు. ఆమె విసుక్కుంటుంది. ఆ విసుగు మీద కూడా నాకు అసూయ పుట్టింది.

తరువాత మీ మెస్సులో వంటావిడ మీద. వానలో ఆడి వచ్చిన రోజున ఆవిడ ఆవనూనె కాచి ఇచ్చిందనీ, మోకాలికి అది రాసుకుంటే హాయిగా ఉందనీ పోయిన నెల రాశారు. ఆవిడ చేపల పులుసు గురించి ఒక పేరా రాశారు. ఆవిడ వయసు మాత్రం రాయలేదు. ఈసారి రాయండి.

అన్నిటికంటే ఎక్కువ అసూయ ఎవరి మీదో చెబితే నవ్వుతారు. పేపరులో మీ ఆటల గురించి రాసే విలేకరి మీద. జూన్ మొదట్లో అతను మీ గురించి ఒక వాక్యం రాశాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని తెలుగు చేశాను. "ఎడమ అంచున కృపాదానం తడిచేతిలోనుంచి చేప జారినట్లు ఇద్దరి మధ్యనుంచి జారిపోయాడు." అంతే. మిమ్మల్ని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. మిషన్ కాంపౌండులో గుడ్డబంతి తన్నుతూ నా నీళ్ళబిందె పక్కనుంచి మీరు అట్లాగే జారిపోయేవారు. ఆ వాక్యం నేను రాయవలసింది. ముక్కూ మొహం తెలియనివాడు కుర్చీలో కూర్చుని రాసేసుకున్నాడు.

ఆ ఉక్రోషంలోనే ఒక పని చేశాను. స్కూల్లో "నాకు తెలిసిన ఆట" అని వ్యాసం రాయమన్నారు. మిగతా పిల్లలు అచ్చనగిల్లలూ తొక్కుడుబిళ్ళా రాశారు. నేను కలకత్తా మైదానంలో కూర్చుని మీ ఆట చూస్తున్నట్లు రాశాను. మీరు జాబుల్లో చెప్పిన చెట్లెక్కిన జనం, గొడుగులు, బూట్లు తొడిగిన సోల్జర్ల జట్టు, వాళ్ళ మధ్య మీ వట్టి కాళ్ళు, అన్నీ పెట్టాను. చివర మీరు ఒక్కరే గోలు ముందు మిగిలారు. అక్కడ మాత్రం బంతిని గుంజకు తగిలించి బయటికి పంపాను. నా వ్యాసంలో మీకు గోలు వేసే భాగ్యం ఇవ్వాలనిపించలేదు.

ఇక మీరు అడిగిన ఇంకో ప్రశ్న. "మన సంఘంలో నాకోసం ప్రార్థన చేస్తున్నారా? ఎండల్లో అన్నీ గెలిచి, వానలు రాగానే మా రాత ఎందుకు ఇట్లా తిరిగింది?" అని రాశారు. దీనికి నిజం చెప్పకుండా ఉత్తరం ముగించలేను.

బుధవారం స్త్రీల కూడికలో పెద్దావిడ ఎప్పటిలాగే ప్రార్థన మనవులు అడిగేది. ఒకరు కొడుకు జ్వరమనేవారు, ఒకరు తప్పిపోయిన మేక అనేవారు. అత్తమ్మ ప్రతి వారం లేచి, "కలకత్తాలో మా వాడి జట్టు గెలవాలమ్మా" అనేది. అందరూ ఆమెన్ అనేవారు. నేను పెదవులు కదిపేదాన్ని, గొంతు కలిపేదాన్ని కాదు. గెలిచిన కొద్దీ మీరు అక్కడే ఉండిపోతారని నాకు తెలుసు. మీరే రాశారు గదా, గెలిస్తే క్లబ్బువాళ్ళు మిమ్మల్ని ఎక్కడికీ పోనివ్వరని. తడి నేల మీద వట్టి కాళ్ళు నిలవవనీ, బూట్లవాళ్ళదే పైచేయి అవుతుందనీ కూడా మీరే రాశారు.

జూన్ వచ్చినా పల్నాడులో చుక్క పడలేదు. కూడికలో వాన మనవి మొదలైంది. ఆ మనవికి మాత్రం నా ఆమెన్ గుడి బయటికి వినిపించేది. దీవెనమ్మకు ఎంత భక్తి అని పెద్దావిడ మెచ్చుకుంది. నేను వాన అడిగింది జొన్న చేలకు కాదు బావా.

మీ జాబు గురువారం అత్తమ్మకు చదివి వినిపించాను. ఎడతెరిపి లేని వాన, మైదానమంతా బురద, జారి పడటం, జనం ఎగతాళి చేయడం, అన్నీ విన్నది. విని, "నెలబట్టి మనం వానా వానా అని మొత్తుకుంటంటే దేవుడు పోయి వాడి నెత్తిన కురిపించాడా. ఊరి పేరు చెప్పి అడగాల్సింది" అంది. నాకు నవ్వు వచ్చింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఏమే, నాకు తెలవక అడుగుతన్నా. మనకు చెయ్యెడు చేను లేదు గందా. వాన మనవికి నువ్వెందుకే అంత గట్టిగా ఆమెన్ అంటివి?"

నేను జాబు మడత పెడుతూ కూర్చున్నాను. నా మొహం చూసి ఆమెకు అర్థమైంది. కొట్టినా బాగుండేది. లేచి గేదె దగ్గరికి వెళ్ళింది. తరువాత గోలుకీపరును పక్కకు లాగి గేదెకు మేత వేస్తూ, "గెలిస్తే వాడు ఇంటికొస్తాడనుకున్నా నేను. గెలిస్తే రాడని ఎవరన్నా చెప్పుంటే నేనూ వానే అడిగేదాన్ని" అంది.

బావా, దేవుడు నా మాట విని కురిపించాడని నేను నమ్మటం లేదు. కలకత్తాలో ప్రతి ఏడూ ఆ నెలలో వాన పడుతుందని పెద్ద టీచరమ్మ చెప్పింది. కానీ మీరు పడాలని కోరుకున్నదాన్ని నేనే. మీరు నిజంగా పడ్డారు. అది తెలిసీ దాచి, నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు రాయకూడదు.

ఇప్పుడు ఆ పెద్ద ప్రశ్న.

ఈ జాబు ఇంతదాకా చదివి నేను రమ్మంటానని మీరు అనుకుంటూ ఉంటారు. మే నెలలో అడిగినా, జూన్‌లో అడిగినా ఆ ఒక్క మాటే రాసేదాన్ని. కానీ మీ జాబు గురువారం వచ్చింది. దానికి ముందు మంగళవారం ఇంకోటి జరిగింది.

మంగళవారం పెద్ద టీచరమ్మ నన్ను తన గదికి పిలిచి నా వ్యాసం బల్లమీద పెట్టింది.

"ఇది ఎవరు చెబితే రాశావు?"

"ఎవరూ చెప్పలేదండీ. కోపం వచ్చి రాశాను."

"ఎవరి మీద?"

"మా ఆయన మీద."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంకా కోపముందా?"

"ఉందండీ."

"అయితే గుంటూరు పో" అంది.

గుంటూరు టీచర్ల ట్రైనింగు స్కూలుకు నా పేరు, నా ఎనిమిదో తరగతి మార్కులు, ఆ వ్యాసం పంపిందట. సీటు ఇచ్చారు. రెండేళ్ళు హాస్టల్లోనే ఉండాలి. పెళ్ళయినవాళ్ళను మామూలుగా తీసుకోరట. భర్త దూరాన ఉద్యోగంలో ఉంటే, ఒళ్ళో పసిపిల్ల లేకపోతే మాత్రం తీసుకుంటారట. "నీ భర్త కలకత్తాలో ఉన్నాడు గనుక ఒప్పుకున్నారు. అతను వచ్చి ఇక్కడ ఇల్లు పెడితే సీటు ఇంకొకరికి పోతుంది" అని చెప్పింది.

ఇన్నాళ్ళూ దేన్ని తిట్టుకున్నానో, మీ ఆ దూరమే నన్ను ఆ స్కూలు లోపలికి రానిచ్చింది. గురువారం మీ జాబు చదివి, శుక్రవారమంతా మీమీద మండిపడుతూ తిరిగాను. రమ్మని ఏడ్చినప్పుడు రాని మనిషికి ఇప్పుడే ఇల్లు గుర్తుకురావాలా అని. అన్నం రెండుసార్లు మాడ్చాను.

నిన్న నిదానంగా మళ్ళీ చదివాను. మీ జాబులో నా పేరు కంటే బురద అనే మాట ఎక్కువసార్లు ఉంది. మీరు నాకోసం రావటం లేదు. పడ్డచోట మళ్ళీ నిలబడటానికి సిగ్గుపడి వస్తున్నారు. అట్లా వచ్చిన మనిషి డ్రిల్లు మాస్టరై, స్కూలు గ్రౌండులో ఈల ఊదుతూ, రోజూ ఆ మైదానం వైపే చూస్తూ ఉంటాడు. అప్పుడు నేను మళ్ళీ దానిమీద అసూయపడాలి. మీరు నా పక్కనే ఉండగా. అది నావల్ల కాదు.

ఇంకోటి కూడా తెలుసుకున్నాను. నాకు మంట లీగు మీద కాదు, వంటావిడ మీద కూడా కాదు (వయసు మాత్రం రాయండి). పొద్దున లేవగానే పరుగెత్తి వెళ్ళవలసిన చోటు మీకు ఒకటి ఉంది. నాకు లేదు. అందుకే ఆ విలేకరి వాక్యం నన్ను అంత కాల్చింది.

కాబట్టి సంతకం పెట్టండి. పెట్టి, వచ్చే వానలలోగా బూట్లు తొడుక్కుని పరుగెత్తడం నేర్చుకోండి. కాలు బరువుగా ఉందని మొదటిరోజే విప్పేశానని రాశారు. నాకూ మొదటిరోజు ఇంగ్లీషు పేపరు అట్లాగే ఉంది. నేను గుంటూరు వెళ్ళడానికి సమ్మతమేనని పెద్ద టీచరమ్మ పేర విడిగా ఒక ఉత్తరం వెంటనే రాయండి. అది అందితేగాని నన్ను చేర్చుకోరు. మీరు రాయకపోతే నేను వెళ్ళలేను. నా చేతిలో ఉన్నదంతా ఈ అడగడమే.

అత్తమ్మకు చెప్పాను. "వాడు ఒక ఊరు, నువ్వొక ఊరు. నాకు గేదె చాలు. అది ఎక్కడికీ పోదు" అంది. తరువాత జుబేదా అక్కతో మాత్రం, "మా కోడలు పంతులమ్మ అయిద్ది" అని గోడ మీదుగా కేకవేసి చెప్పింది.

క్రిస్మసుకు సెలవు దొరికితే తిన్నగా గుంటూరులో దిగండి. హాస్టలు వసారాలో బెంచీ ఉంటుందట. వచ్చినవాళ్ళు పేరు చెప్పి అక్కడ కూర్చోవాలి. నేను పాఠంలో ఉంటే మధ్యలో లేచి రాను. గంట కొట్టేదాకా మీరు కూర్చోండి. లోపలినుంచి అందరి గొంతులతోపాటు నా గొంతు వినిపిస్తుంది, ఏం చెబుతున్నానో మీకు తెలియదు. అప్పుడు మీకు ఎట్లా ఉందో నేను బయటికి రాగానే చెప్పాలి. బెంగ అంటే ఒప్పుకోను.

ఇట్లు,
మీమీద ఇంకా మండిపడుతూనే ఉన్న
మీ భార్య
దీవెనమ్మ