దేవుడి గూట్లో పొట్లం

తిరుమలా,

మీ మేనత్త నీకు భయం తప్ప ఏమీ నేర్పలేదు. బయట చేరిన సంగతి దాచి, జ్వరమని, ఈతకు రానని నువ్వు ఫోన్‌లో స్నేహితురాలికి చెప్పడం మొన్న రాత్రి విన్నాను. జ్వరం లేదు. నేను మొదటి షిఫ్టుకు పోతున్నాను. నువ్వు ఈతకు పో.

ప్యాడ్ నీళ్లలో ఉబ్బిపోతుంది. లోపల పెట్టుకునే టాంపాన్లు తెచ్చాను. ముందు చేతులు కడుక్కో. ఈత కాగానే తీసెయ్, సాయంత్రం దాకా ఉంచుకోకు. నల్ల ప్యాంటు తీసుకుపో. తెలియకపోతే మా గని ఆస్పత్రి నర్సు సర్వరీ బేగంను అడుగు. నాకు చెప్పింది ఆమే. నేను తల దించుకుని నిలబడితే, "ఏంది రాయమల్లన్నా, బొగ్గుబాయిల దిగెటోనికి గింత భయమా?" అని నవ్వింది.

పొట్లం దేవుడి గూట్లో పెట్టాను. ఈ మూడు రోజులు ఆ గూటిని ముట్టొద్దని మీ అత్త చెప్పింది కదా. నీ చేత్తోనే తీసుకో. ఆమె అరిస్తే, అక్కడ పెట్టింది నాన్న అని చెప్పు. మీ అమ్మ పోయాక నేను అందులో దీపం పెట్టలేదు.

నాన్న

మీ అమ్మకు ఈత బాగా వచ్చు. మీ అత్త నోటికి జడిసి, ఈ ఇంటికొచ్చాక ఒక్కసారి కూడా గోదావరిలో దిగలేదు. ఈ సంగతి నేను మళ్లీ ఎత్తను. నన్ను అడగకు.