ఏ రంగైనా సరే అన్న చీరలు

ధర్మవరం,
21-8-1963

చిరంజీవి జయరాముడికి,

వదిన తిప్పమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నాం. కొలంబోలో నువ్వు ఆరోగ్యంగా ఉన్నావనే నమ్ముతున్నాను. మిగతాది నమ్మడమే కష్టంగా ఉంది.

మీ అన్న పోయాక ఈ చీరల కంపెనీని మనిద్దరమే మోశాం. చీరలొక్కటే నమ్ముకుంటే కష్టమని హిందూపురంలో వేరుశనగ నూనె మిల్లు పెట్టించింది నువ్వే. మేలే జరిగింది. చీరలు కదలని నెలల్లో మిల్లే మనల్ని నిలబెట్టింది. ఆ ధైర్యంతోనే కొలంబో అంగడిలోనూ చీరల పక్కన సైకిలు సామాన్లు పెడతానన్నావు. సరేనన్నాను.

ఇప్పుడు వింటున్నది వేరు. నీ అంగడికి వచ్చిపోయే పెనుకొండ నరసింహులు కొలంబో నుంచి వచ్చి, "అంగడి నిండా సైకిలు చక్రాలే ఉండాయమ్మా. చీర ఒగటీ కనపళ్లా" అన్నాడు. మరి నెలనెలా నువ్వడిగే అరవై చీరలు ఎక్కడికి పోతున్నాయి? రైలు రసీదులు తీసి చూశాను. మూటలన్నీ మద్రాసు గోడౌనులోనే దిగుతున్నాయి, అక్కడి నుంచి ఓడ ఎక్కినట్టు ఒక్క కాగితమూ లేదు. ఒకప్పుడు అంచు వెడల్పు కోసం నాతో పోట్లాడేవాడివి, ఏడాదిగా ఏ రంగైనా సరే పంపమని రాస్తున్నావు. వ్యాపారం చేసేవాడు రాసే మాటేనా అది? మద్రాసులో నీకంటూ వేరే అంగడి తెరిచావని నా అనుమానం. మగ్గాలు చూసుకునే ఓబులేసును అడిగితే, "ఆయప్ప అట్లాంటోడు కాదమ్మా" అన్నాడు. ఆ మాటతో వాడి మీదా అనుమానం పుట్టింది.

ఉన్నదున్నట్టు రాయి.

నీ వదిన,
తిప్పమ్మ

తా.క. కవరు అంటించబోతుంటే నరసింహులు మళ్లీ వచ్చాడు. మనసు ఆగలేదట. "ఆ దేశంలో సర్కారు బయటి చీరలు దిగనీయడం ల్యా. ఏడాదయింది. మగ్గాలు నిలిస్తే నేసేటోళ్లు ఏమైపోతారని, సైకిలు సామాన్ల లాభంతో ఆయప్పే మీ చీరలు కొని మద్రాసులో పెడతాండాడు. తెలిస్తే వదిన ఆ దుడ్లు ముట్టదని నాతో ఒట్టేయించుకున్న్యాడు" అన్నాడు.

నేను చేసింది కూడా విను. మిల్లు వ్యవహారాలు చూసుకోమని వెళ్లేటప్పుడు నువ్వు సంతకం పెట్టి ఇచ్చిన పత్రం ఉందే, దానితోనే పోయిన సోమవారం మిల్లులో నీ వాటా నా పేరుకు మార్పించుకున్నాను. రేపు మొదటి బస్సుకు హిందూపురం వెళ్లి తిరిగి నీ పేరున రాయిస్తాను. పైన రాసినదేదీ చింపకుండా పంపుతున్నాను. నీ గురించి నేనేమనుకున్నానో నా చేతిరాతలోనే నీకు తెలియాలి.