కథలో ఫలితం

తాడేపల్లిగూడెం,
ఆగస్టు 2006.

నాన్నగారికి వందనాలండీ.

కంగారుపడకండి, ఫిజిక్స్ మానలేదు. మా సైన్సు కాలేజీలో ఈ ఏడాది కథలు రాయడం కూడా ఒక పేపరుగా పెడితే, మార్కులు సులువని చేరాను. కొల్లేట్లో మన చేపల చెరువు గట్టుకి గవర్నమెంటువాళ్ళు గండి కొట్టిన రోజు గురించి కథ రాయబోయి, అలవాటుకొద్దీ ల్యాబ్ రికార్డు రాసేశాను. ఉద్దేశం, పరికరాలు, పరిశీలన, ఫలితం, అన్నీ స్కేలుతో గీతలు గీసి మరీ. గట్టు తవ్విన పొక్లెయిన్‌ని పరికరాల్లో వేశాను. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

పరిశీలన: నాన్న మాటిమాటికీ చెరువు నీళ్ళతో మొహం కడుక్కున్నారు.
ఫలితం: నాన్న ఏడవలేదు.

మేడంగారు ఆ ఫలితం ఒక్కటే కొట్టేసి, "ఇప్పుడిది కథ" అన్నారు. కాలేజీ మ్యాగజైన్లో వేస్తారట. ఆ లైను ఉండాల్సిందేనంటే చెప్పండి నాన్నగారూ, మళ్ళీ రాసేస్తాను.

మీ అమ్మాయి