ఎండ తగలని బుడ్డి

పుదుచ్చేరి
1927 జనవరి 18

ప్రియమైన మీకు,

ఉత్తరమూ, దాంతో పాటు పంపిన పట్టుగుడ్డా అందాయి. "సైగోనులో నా కొడుకు యాడ తిరిగి కొన్నాడో" అంటూ అత్త ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వాసన చూసేంత ఊపిరి ఉండే రోజులు ఆమెకు ఇప్పుడు తక్కువ. ఉబ్బసం మళ్ళీ తిరగబెట్టింది. మధ్యాహ్నం ఊరంతా కిటికీలు మూసుకుని పడుకునే వేళ, సముద్రం కూడా నిద్రలో మూలుగుతున్నట్టుండే వేళ, ఆమె ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీదికి వంగి, గాలిని లాగుతుంది. ఆ ఈల నా వెంట ఆసుపత్రి దాకా వస్తుంది.

మిగతాది కోపంతో రాస్తున్నాను, ఓపికగా చదవండి. పోయిన వారం తెల్లపట్నం నుంచి ఒక దొరసాని ఇదే జబ్బుతో వచ్చింది. డాక్టరు దొర అడ్రినలిన్ అనే మందు చర్మం కింద ఎక్కించాడు. నాడి పట్టుకుని నిలబడింది నేనే. ఆమె ముఖం పాలిపోయింది, వేళ్ళు వణికాయి, నాడి గుర్రంలా పరుగెత్తింది. పది నిమిషాలకు మూసిన తలుపు తెరిచినట్టు ఊపిరి వచ్చింది. కాఫీ అడిగింది. మూడు రోజుల తర్వాత మనవాళ్ళ వార్డులో తేంగాయితిట్టు పడవమనిషి అయ్యనార్ అదే ఈలతో చచ్చిపోయాడు. మందు అలమారలో ఉంది. సిరంజి నేనే మరగబెట్టి సిద్ధంగా ఉంచాను. దొర మధ్యాహ్నపు నిద్రలో ఉన్నాడు, దేశీ నర్సు సూది వేయరాదన్నది నిబంధన. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అని ఫ్రెంచివాళ్ళు కచేరీ గోడ మీద చెక్కించారే, తెల్లపట్నం అంచున ఉన్న పెద్ద కాలువ దాటి మనవైపు వస్తే ఆ రాతి అక్షరాలు కరిగిపోతాయా? దీనికి మీ సమాధానం ఏమిటి?

ఆ మందు సంగతి దొరనే అడిగి తెలుసుకున్నాను. మూత్రపిండాల నెత్తిన చిన్న గ్రంథి ఉందట. మనిషికి భయం వేసినా కోపం వచ్చినా అది ఈ మందునే నెత్తుటిలోకి వదులుతుందట. అది గుండెను తరుముతుంది, చర్మంలోని నాళాలను బిగిస్తుంది, ఊపిరి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండను మాత్రం సడలిస్తుంది. ఒకే మందు ఒకచోట పిడికిలి, ఇంకొకచోట అరచేయి. తాగితే కడుపు దాన్ని పాడుచేస్తుంది, అందుకే సూది. వాదన పెట్టుకున్నప్పుడల్లా నా చేతులు ఎందుకు వణుకుతాయో నలభై రెండేళ్ళకు తెలిసింది.

ఇక్కడి దుకాణాల్లో మనలాంటివాళ్ళకు అమ్మరు. ఒక పన్నెండు బుడ్లు కొని పంపండి.

మీ పంకజం

*

సైగోను
ఫిబ్రవరి 20

ప్రియమైన పంకజానికి,

నీ ఉత్తరం చదివిన సాయంత్రం నది ఒడ్డున చాలాసేపు కూర్చున్నాను. పడవల మీద దీపాలు వెలిగిస్తున్నారు. అమ్మ ఈల వినిపించింది. చిన్నప్పుడు అది జబ్బని నాకు తెలియదు. అమ్మ పాడుతోందనుకుని నిద్రపోయేవాణ్ణి. నా జోలపాట ఆమె ఊపిరాడకపోవడమని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది.

పన్నెండు బుడ్లు మన వీధి త్యాగరాజన్ చేతికి ఇచ్చాను, అతను పనిచేసే ఓడలోనే తెచ్చి ఇస్తాడు. ఒక్కొక్కటి చిటికెన వేలంత, మూతి కూడా గాజే, విరిచి వాడాలి. వెలుతురు తగలకుండా చుట్టిన నల్ల కాగితం తీయవద్దని దుకాణంలో గట్టిగా చెప్పారు.

ఇప్పుడు నువ్వు కోప్పడే మాట రాస్తున్నాను. సూది డాక్టరు చేతే వేయించు. అమ్మ గుండె ముసలిది, ఆ మందు దాన్ని తరుముతుందని నువ్వే రాశావు. జరగరానిది జరిగితే జబ్బు తీసుకుపోయిందని మన వీధి అనదు. కోడలు పొడిచి చంపిందంటుంది. నిన్ను కాపాడదామంటే నేను సముద్రం అవతల ఉన్నాను. నాకు మాట ఇవ్వు.

నీ చెంగల్రాయన్

*

పుదుచ్చేరి
మార్చి 24

ప్రియమైన మీకు,

పెట్టె వచ్చింది. ఒక బుడ్డి కాగితం కొద్దిగా తొలగించి చూశాను, మందు తేటగా, వాన వెలిసిన ఆకాశంలా ఉంది.

మాట అడిగారు. ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పండి. పదిహేడేళ్ళుగా ఇతరుల మలమూత్రాలు ఎత్తిన చేతులివి, పుండ్లు కడిగిన చేతులివి, చనిపోయినవాళ్ళ కళ్ళు మూసిన చేతులివి. వీటికి ఒక సన్నటి సూది పట్టే అర్హత లేదని ఎవరు తేల్చారు? వీధి అంటుందట! వీధి వచ్చి అత్త వీపు నిమురుతుందా? పక్కింటి వెళ్ళైయమ్మాళ్ గడపలో నిలబడి "పాపం, పాపం" అంటుంది. ఆ పాపంతో ఎవరి గొట్టాలు తెరుచుకున్నాయి?

మీ అమ్మ సంగతీ వినండి. పెట్టె తన చేతిలోకి లాక్కుంది. "నా కొడుకు పంపినాడు, నాకాడే ఉంటాది" అంది. చీకట్లో పెట్టు అత్తా అన్నాను. "మందు గురించి నువ్వు నాకు చెప్తావా? మా నాయన సిద్ధవైద్యుడు. ఇదేంది, నీళ్ళ మాదిరి ఉండాది! పచ్చి మందు" అంది. మూర్ఖత్వంతో వాదించడానికి నాకు బలం చాలదు. ఆసుపత్రిలో నిబంధన, ఇంట్లో ఈమె నాయన. రెండూ ఒకే గోడ.

అయినా మాట ఇస్తున్నాను. అత్త తానుగా చేయి చాపితే తప్ప సూది వేయను. ఆమె చాపదు కాబట్టి మీరు నిశ్చింతగా నది చూస్తూ కూర్చోవచ్చు.

పంకజం

*

సైగోను
జూన్ 2

పంకజానికి,

ప్రియమైన అని రాయడానికి చేయి రావడం లేదు, రాయకుండా ఉండలేకపోతున్నాను.

రెండు ఓడలు వచ్చాయి. నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. త్యాగరాజన్‌కు వాళ్ళ అన్న రాసిన ఉత్తరంలో అమ్మ గురించి ఇలా ఉంది: "మణియమ్మకు కోడలు సూది పొడిచిందంట. ఆనక ఆ ముసలామె వీధిలోకి రాలేదు. ఇల్లు తాళం వేసుండాది."

తాళం ఎందుకు? ఇచ్చిన మాట ఏమైంది? రోజూ ఒకే కల వస్తోంది. మన ఇంటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి, సందుల్లోంచి ఎండ చారలు పడుతున్నాయి. మంచం మీద దిండు ఉంది, అమ్మ లేదు. ఈల వినిపించదు. ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తున్నాను.

అమ్మ ఉందా? ఆ ఒక్క మాట రాయి. తిట్టాలంటే తర్వాత తిట్టు.

చెంగల్రాయన్

*

పుదుచ్చేరి
జూన్ 30

ప్రియమైన మీకు,

అత్త ఉంది. పక్కనే కూర్చుని వక్క కొరుకుతోంది. ఇక మెల్లగా చదవండి.

తాళం వేసింది నేనే. అత్తను గాలి మార్పుకని పిళ్ళైచావడిలో ఆమె చెల్లెలింటికి తీసుకుపోయాను. నాకు ఆసుపత్రికి పోయే పని లేకపోయింది. జరిగింది నేనే వెళ్ళి ఆసుపత్రి నర్సుల మీద అధికారం ఉన్న పెద్ద కన్యాస్త్రీకి చెబితే రెండు నెలలు రావద్దన్నారు. దొరల వార్డులో ఎవరికో సూది వేసి ఉంటే ఉరి తీసేవారేమో! రేపటి నుంచి మళ్ళీ పనికి పోతాను. మొదటి రోజే అయ్యనార్ పేరు ఎత్తుతాను. ఆలస్యానికి కారణం ఇది కాదు. రాయడానికి సిగ్గేసింది.

ఏప్రిల్ 19, మధ్యాహ్నం. కాకి కూడా అరవని వేళ. ఈల ముందు హెచ్చింది, తర్వాత సన్నగిల్లింది. సన్నగిల్లడమే ప్రమాదమని నాకు తెలుసు, గాలి లోపలికి పోవడం లేదన్నమాట. పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి. వెళ్ళైయమ్మాళ్ మొగుడు నటేశన్‌ను దొర ఇంటికి పరుగెత్తించాను. దొర నిద్రపోతున్నాడు, మూడు దాటాక రమ్మని కాపలావాడు తిప్పి పంపాడు. సిరంజి మరగబెట్టి పెట్టె తెరిచాను.

బుడ్లన్నీ ఎర్రబారి ఉన్నాయి. కుంకుమ కలిపిన నీళ్ళలా. నల్ల కాగితం లేదు.

మీ అమ్మ నెల రోజులుగా, నేను ఆసుపత్రిలో ఉండే వేళ, వాటిని మిద్దె మీద ఎండలో పెడుతోంది. సూర్యపుటం! వాళ్ళ నాయన మందులను అలా పండించేవాడట. వెలుతురు తగిలి రంగు తిరిగితే ఈ మందు చచ్చినట్టే, పారబోయవలసిందే. నేను అరిచాను. ఊపిరి లేని మనిషి మీద అరిచాను. "పాడుచేశావు అత్తా, అన్నీ పాడుచేశావు, నీ నాయనా నువ్వూ కలిసి చంపుకున్నారు" అన్నాను. ఈ మాట మీతో చెప్పకుండా ఉండవచ్చు. చెబుతున్నాను.

ఆమె నా ముఖం చూసింది, పెట్టె చూసింది. నడుము దగ్గర వక్కతిత్తి తడుముకుని, ముడి విప్పి, అందులోంచి నల్ల కాగితం చుట్టిన బుడ్డి ఒకటి తీసింది. నా చేతిలో పెట్టింది. అప్పుడు చూశాను, పెట్టెలో ఉన్నవి పదకొండే.

తేటగా ఉంది, మొదటి రోజు ఉన్నట్టే.

రవిక చేయి తానే పైకి లాక్కుని, చేయి చాపింది.

స్పిరిటుతో తుడిచాను. సగం కంటే తక్కువ తీసుకున్నాను, ముసలి గుండె కదా. చర్మం పట్టి ఎత్తి సూది దించాను. సిరంజి కాడ వెనక్కి లాగి నెత్తురు రావడం లేదని చూసి, మెల్లగా ఎక్కించి, చోటు రుద్దాను. నాడి పట్టుకున్నాను. వంద. నూట పది. నూట ముప్పై. ముఖం పాలిపోయింది, గడ్డం వణికింది. ఇది మందు పని, ఇది మందు పని, అని నాకు నేనే చెప్పుకున్నాను. వెళ్ళైయమ్మాళ్ తలుపు సందులోంచి చూసి "అయ్యో, పొడిచేసిందే" అని వీధిలోకి పరుగెత్తింది. మీకు చేరిన కబురు అదే.

ఎనిమిదో నిమిషంలో ఈల మళ్ళీ మొదలైంది. ఆ ఈల విని అంత సంతోషించిన మనిషి లోకంలో ఇంకొకరు ఉండరు, చిన్నప్పటి మీరు తప్ప. పన్నెండో నిమిషానికి ఛాతీ నిండా గాలి. కిటికీ సందులోంచి పడిన ఎండ చార ఆమె ఛాతీతో పాటు లేచింది, దిగింది. ఎంతసేపు చూశానో తెలియదు.

మాట వచ్చాక అడిగాను, ఒకటి ఎందుకు దాచావని. "పుటం పెట్టేటప్పుడు ఒక పాలు పచ్చిదిగా ఎత్తి పెట్టేది మా నాయన వాడిక. పండిందా, చెడిందా, పక్కన పెట్టి చూడొద్దా? పచ్చిది లేకుంటే ఎట్ట తెలిసేది?" అంది. పోల్చి చూడడానికి ఒకటి మార్చకుండా పక్కన ఉంచే ఆ వాడిక మా దొర సూక్ష్మదర్శిని బల్ల దగ్గర చూశాను. అది దొరలదే అనుకున్నాను. ఊరందరితో వాదించిన దాన్ని, ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళుండి ఈమెను ఒక్క ప్రశ్న అడగలేదు.

ఎండలో పెట్టడం తప్పే. ఆ విషయంలో ఇప్పటికీ ఒప్పుకోను, రోజూ దెబ్బలాడుతూనే ఉన్నాం. ఇంకో పెట్టె పంపండి. పదకొండు నా దగ్గర, చీకట్లో. ఒకటి ఆమె తిత్తిలో.

ఆ మధ్యాహ్నం చివర జరిగింది ఒకటి మిగిలింది. ఆమె నాడి తొంభైకి దిగాక చేయి వదలబోయాను. ఆమె వదలలేదు. నా మణికట్టు తిప్పి, వాళ్ళ నాయన పట్టినట్టు మూడు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది. నా నాడి ఇంకా గుర్రంలా పరుగెడుతోంది, చేయి వణుకుతూనే ఉంది.

"అమ్మీ," అంది, "నీకెవురు ఏసినారే సూది?"

మీ పంకజం