కిటికీ కింద నిలిచే డీజిలు కారును వాపసు ఇచ్చుట గురించి

కార్ల కంపెనీలో వాపసు కొనుగోళ్లు చూసే అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వారి పేరున ఉండి, వారు పోయిన పిమ్మట నా పేరున మారిన డీజిలు కారును తిరిగి కొందుమని తమరు పంపిన కబురుకు నా జవాబు, దానితోపాటు కొన్ని విన్నపములు.

ముందుగా తమరూ, తమ ఇంటిల్లిపాదీ కులాసాయేనని తలుస్తాను. మొదటి ఉత్తరంలో తమ సంతకం గుండ్రంగా ఉన్నది, రెండో ఉత్తరంలో కాస్త వణికినట్టు కనబడింది. చేతికి ఏమైనా దెబ్బ తగిలిందా? తమ ఆఫీసులో ఫోను తీసే అమ్మాయికి గొంతు బొంగురు తగ్గిందా? మొన్న నాతో మాట్లాడుతూ మధ్యలో ఆగి నీళ్లు తాగింది. ఆమె వెనకాల ఎవరో పెద్దాయన ఆగకుండా తుమ్ముతున్నారు. ఆయనకెలా ఉందో కూడా కనుక్కోవలెను. ఫ్యాను కింద కూర్చోవద్దని నా మాటగా చెప్పవలెను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, మోకాళ్లు తప్ప. కారూ బాగానే ఉన్నది, పొగ తప్ప.

అర్జీలో నంబర్లు వేయాలని, ఒక్కో నంబరు కింద ఒక్కో మాటే ఉండాలని మా వారు అనేవారు. నాకు చదువు తక్కువ. ఒక నంబరులో మొదలైన మాట ఇంకో నంబరులోకి పోతే మన్నించవలెను.

1. తమ ఉత్తరమును కూడబలుక్కుని చదువుకొంటిని. ఈ రకం కారు పరీక్ష పెట్టే చోట ఉన్నంతసేపు పొగ తక్కువ వదులుతుందనిన్నీ, రోడ్డెక్కగానే హద్దు మీరి వదులుతుందనిన్నీ, అలా చేసే ఏర్పాటు లోపల తమ కంపెనీవారే పెట్టారనిన్నీ, అందుకు చింతిస్తున్నారనిన్నీ అందులో ఉన్నది. బాగుచేయడం వీలుకాదట. ఇష్టమైతే తమకు అమ్మవచ్చును, లేదా ఉన్నది ఉన్నట్టు ఉంచుకోవచ్చును. మాస్టారు ఉన్నంతసేపు చేతులు కట్టుకుని కూర్చుని, ఆయన అటు తిరగ్గానే బల్లలెక్కే పిల్లల గురించి విన్నాను గాని, కారు గురించి ఇలా వినడం ఇదే. కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. నేనూ అంతే కదా. ఎవరైనా ఫోను చేసి ఎలా ఉన్నావంటే, నాకేం, దుక్కలా ఉన్నానంటాను. ఫోను పెట్టాక సంగతి వేరు.

2. నాకు కారు తోలడం రాదు. అది మా ఇంటి పక్క సందులో నిలిచి ఉంటుంది. ప్రతి ఆదివారం వీధి చివరి మెకానిక్కు వచ్చి కాసేపు ఇంజను తిప్పుతాడు. లేకపోతే బ్యాటరీ చచ్చిపోతుందట. తరవాత పైకి వచ్చి, చేతులు కడుక్కుని, టీ తాగి, టైర్ల గురించీ తన బావమరిది గురించీ చెప్పి వెళతాడు. టైర్ల గురించి నాకిప్పుడు చాలా తెలుసు. బావమరిది గురించి ఇంకా ఎక్కువ తెలుసు. ఇది గాక, చుట్టుపక్కల ఎవరికి ఆసుపత్రి పని పడినా, సామాను చేరవేయవలసి వచ్చినా నా తలుపే తడతారు. “పిన్నిగారూ, బండి తాళం ఒకసారి ఇస్తారా?” అంటారు. ఇస్తాను. ఇచ్చి, నేను కూడా వెళ్లి వెనక సీట్లో కూర్చుంటాను. మీరెందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

3. తమరు కొనేది కారు అనుకుంటున్నారు. నా తలుపు మీద పడే చప్పుడంతా దానిదే. అందుచేత ఇవ్వనని రాసి, కవరు కూడా అంటించాను. ఆ కవరు చించివేయుటకు కారణం ఈ దిగువన.

4. మా కింది వాటాలో దర్జీ అమ్మాయి ఉంటుంది. వెలుతురు కోసం మిషను కిటికీ పక్కన వేసుకున్నది. ఆ కిటికీ కిందనే కారు. పోయిన ఆదివారం దిండు గలీబులు కుట్టించడానికి వెళ్లి ఆమె దగ్గర కూర్చున్నాను. నిజానికి ఉన్న గలీబులు చిరగలేదు. ఇంతలో బయట ఇంజను మొదలైంది. ఆ అమ్మాయి తలెత్తలేదు, మిషను ఆపలేదు. ఒక చేత్తో కిటికీ రెక్క లాగి, పక్కన మేకుకు తగిలించిన తడిగుడ్డ తీసి సందులో కుక్కింది. అలవాటైన పని అని చూస్తేనే తెలిసింది. ఆ తరవాత దగ్గు.

“ఈ ఉక్కలో కిటికీ ఎందుకు మూశావమ్మాయ్?”

“దుమ్ము, పిన్నిగారూ.”

“దుమ్ముకి తడిగుడ్డ ఎందుకే?”

“ఇప్పుడవన్నీ ఎందుకులెండి. గలీబులకి గుండీలు పెట్టనా, నాడాలు పెట్టనా?”

“ముందు దగ్గు సంగతి చెప్పు.”

“ఆదివారం వస్తే ఇంతే. మర్నాటికి సర్దుకుంటుంది.”

“మరి నోరు తెరిచి చెప్పొద్దూ! నేనేమైనా పులినా?”

“ఏమని చెప్పమంటారు? ఆ వానలో మా అమ్మని ఆసుపత్రికి చేర్చింది ఆ బండే. దారంతా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది మీరే. అమ్మ మనిషై ఇంటికొచ్చింది. ఇప్పుడు పొగొస్తోందని మీ గుమ్మంలోకొచ్చి పోట్లాడనా? నాకు మాత్రం సిగ్గుండదా?”

తల కొట్టేసినట్టయింది. బ్యాటరీ నిండాలి, ఇంకాసేపు తిప్పు నాయనా, ఇంకాసేపు, అని పైనుంచి కేకేసేది నేనే. ఇంజను ఆగితే టీ. టీ అయితే అతను వెళ్లిపోతాడు. అందుకని.

ఆమె మంచితనం కొద్దీ దగ్గుతోంది, నేను మంచి చేస్తున్నాననుకుని పొగ పెట్టిస్తున్నాను. ఇద్దరం రోజూ మెట్ల దగ్గర నవ్వుకుంటూనే ఉన్నాం. ఇది తమ ఉత్తరంలో రాని నష్టము గావున తెలియపరచుచున్నాను.

5. మెకానిక్కుతో ఈ సంగతి చెప్పాను.

“ఆ మాత్రానికి ఇచ్చేస్తారా అమ్మగారూ? వీధి చివరికి తోసుకెళ్లి అక్కడ స్టార్టు చేస్తాను” అన్నాడు.

“అక్కడ ఎవరున్నారు?”

“సెలూను.”

“సెలూనాయన పీల్చేది గాలి కాదా?”

“ఆయనకి పీల్చే తీరికెక్కడమ్మా! పొద్దస్తమానం వదలడమే, కబుర్లు.”

నవ్వాను. చాలా రోజులకు పైకి వినబడేటట్టు నవ్వాను, నాకే కొత్తగా ఉన్నది. కాని ఎక్కడ పెట్టినా ఎవరిదో ఒక కిటికీ ఉంటుంది. ఆ మాటే అన్నాను. అతను రెంచిని గుడ్డతో తుడిచి సంచిలో వేసుకున్నాడు.

అడగకూడదనుకుంటూనే అడిగాను. “బండి లేకపోతే నువ్వు రావు కదూ?”

“భలేవారే! ఎందుకు రాను? వస్తాను.”

బస్సు కదిలేటప్పుడు ఉత్తరం రాస్తామనేవాళ్లు ఇలాగే అంటారు. అబద్ధమాడే మనిషి కాడు. ఆ నిమిషానికి వస్తాననే అనుకున్నాడు.

6. పై కారణముల రీత్యా కారును తమకు ఇచ్చివేయుటకు నాకు పూర్తి సమ్మతి. తమరు కట్టిన ధర తమ ఇష్టం, నేను బేరమాడను. నా విన్నపములు వేరు. కారును స్వయంగా డిపోకు తోలుకొని రావలెనని తమ నిబంధన. నేను తోలలేను, మెకానిక్కు చేత పంపితే అతనికీ మనసు కష్టం. కావున తమ మనిషినే పంపవలెను, మొన్న ఫోనులో తమ అమ్మాయిని అడిగినదీ ఇదే. వచ్చినాయన బానెట్టు మీద కాగితం పెట్టి సంతకం తీసుకుని పోకూడదు. పైకి రావలెను. కుర్చీలున్నవి. రాసే బల్ల ఉన్నది. మెట్లు కొంచెం నిటారు, నెమ్మదిగా ఎక్కవచ్చును.

ఇంకొకటి, దీనికోసం నాకు నిద్ర పట్టడం లేదు. తీసుకుపోయిన కారును తమరేం చేస్తారు? రంగు వేసి ఇంకో ఊళ్లో ఇంకెవరికో అమ్మితే, అక్కడ కిటికీ పక్కన కూర్చుని పనిచేసుకునేది ఎవరో? అలా అమ్మబోమని ఒక కాగితం ఇప్పించవలెను. ముద్ర లేకపోయినా పరవాలేదు, తమరి చేతిరాత చాలు. చెయ్యి నొప్పిగా ఉంటే ఇంకొకరి చేత రాయించినా సరే.

7. ఏడో నంబరు కింద ఏదో రాయాలనుకున్నాను, జ్ఞాపకం రావడం లేదు. వస్తే ఫోను చేస్తాను. పనివేళల్లో ఇబ్బంది అనుకుంటే చేయను.

తమరు పెద్ద మనసుతో ఇదంతా చిత్తగించి, నా కారును కడసారి మర్యాదగా తీసుకుపోవలెనని కోరుకొనే,

తమ విధేయురాలు,
కారు యజమానురాలు,
పై అంతస్తు, కుడిచేతి తలుపు. గంట మోగదు, తలుపు కొట్టవలెను.

తా.క. కవరు అంటించబోతుండగా తమ ఆఫీసు అమ్మాయి ఫోను చేసింది. గొంతు నయమైంది, సంతోషం. “మీ ఇంటికే మనిషిని పంపడానికి ఒప్పుకున్నారండీ. పదకొండో తారీఖు మంగళవారం ఖాళీ ఉంది, పద్దెనిమిదో తారీఖు మంగళవారం ఖాళీ ఉంది. ఏది రాసుకోను?” అన్నది. త్వరగా పోతేనే మంచిదని నాకూ తెలుసు. అయినా పద్దెనిమిది అన్నాను. మధ్యలో ఇంకొక ఆదివారం కలిసి వస్తుంది. ఆ ఆదివారం ఇంజను తిప్పనివ్వను, దర్జీ అమ్మాయికి మాట ఇచ్చాను. ఆ సంగతి మెకానిక్కుకు ముందుగా చెప్పను. వచ్చి, తాళం కోసం పైకెక్కి, కూర్చున్నాక చెబుతాను. తమ మనిషి మాత్రం రావలసినది పద్దెనిమిదో తారీఖు, మంగళవారం పొద్దున.