దుర్గప్ప పేరున రాసిన జాబులు

ఆదోని,
11 ఫిబ్రవరి 1985, సోమవారం.

చెల్లెలు ఖాతూన్ బీకి రమాబాయి నమస్కారాలు. మా రాఘవేంద్రస్వామి, మీ అల్లా ఇద్దరూ నిన్ను చల్లగా చూస్తున్నారని తలుస్తాను. నాకు ఒంట్లో బాగానే ఉంది. మిగతాది రాస్తాను.

ఆరేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కవరు పక్కన పడేస్తావేమో. పడేసినా సాయంత్రానికైనా తీసి చదువు. మొన్న సంతలో మన పక్కింటి దస్తగిరమ్మ కనబడి, నువ్వు ఎమ్మిగనూరులో అదే ఇంట్లో ఉన్నావనీ, ఆడపిల్లలకు కుట్టు నేర్పుతున్నావనీ చెప్పింది. మన ఇంట్లో పిల్లల పక్కన కూర్చుని పలక పట్టి చదవడం నేర్చుకున్నావు కదా, ఈ జాబు ఎవరిచేతా చదివించుకోవద్దు. నువ్వే చదువు.

పోయిన మంగళవారం మారియమ్మ వచ్చింది. అవును, హాలండు మారియమ్మే. మన పిల్లలకు తిండీ బట్టా పంపే సంఘాన్ని తన ఊళ్ళో ఇరుగుపొరుగును కూడగట్టి పెట్టిన మనిషి. ఇన్నేళ్ళూ జాబుల్లో చూడడమే గానీ మనిషిని చూడలేదు. డెబ్భై రెండేళ్ళట. చేతికర్ర పట్టుకుని బొంబాయి మెయిలు దిగింది. స్టేషన్లో ముందుగా నన్ను అడిగింది ఏమిటో తెలుసా? పిల్లలు ఏ ప్లాట్‌ఫారం మీద పడుకునేవాళ్ళో చూపించమంది. చూపించాను. ఆ బండల మీద కాసేపు కూర్చుంది.

ఇంటికి వచ్చాక సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసింది. నిండా దుర్గప్ప జాబులు. ఒక్కటి కూడా పారేయలేదు. నా దుర్గప్ప ఎక్కడ అంది.

నీకు గుర్తు చేయనక్కర్లేదు. కానీ రాస్తేనే నాకు తేలిక. డెబ్భై ఏడులో మనిద్దరం ఈ ఇల్లు పెట్టినప్పుడు స్టేషను నుంచి వచ్చిన మొదటివాడు వాడే. హాలహర్వి పిల్లవాడు, తల్లి పోయి తండ్రి ఎటో వెళ్ళిపోతే రైలెక్కి, చొక్కా విప్పి పెట్టెలు తుడుస్తూ బతికేవాడు. నువ్వు పత్తి జిన్నింగు మిల్లులో పని మానేసి వచ్చి వంట మొదలుపెట్టావు. నేను బడి అయ్యాక వచ్చి చదువు చెప్పేదాన్ని. హాలండులో ఒక్కో కుటుంబం ఇక్కడి ఒక్కో పిల్లవాడి ఖర్చు భరించి జాబులు రాసేది. దుర్గప్పను మారియమ్మే తీసుకుంది. వాడు మాత్రం నీ కొంగు వదిలేవాడు కాదు.

డెబ్భై తొమ్మిది ఎండాకాలంలో నేను బోర్డు మీద జాబు రాసి అందరినీ చూసి రాయమన్నాను. ఇక్కడ సంతోషంగా ఉన్నాము, రోజూ పాలు తాగుతున్నాము, అని. అందరూ రాశారు. వాడు కాగితం బోర్లించి, “పాలు యాడిస్తాండారు సారమ్మా? అబద్ధం నేను రాయను” అన్నాడు. తిట్టాను. నీకు తెలియనిది కాదు, చెంప మీద కొట్టాను కూడా. ఈ ఇంటి అన్నం తినాలంటే చెప్పింది రాయాలన్నాను. మర్నాడు వాడు లేడు.

నువ్వు గుంతకల్లు వెళ్ళి నాలుగు రోజులు ప్రతి బండీ వెతికి, వాచిన కాళ్ళతో తిరిగివచ్చావు. “అక్కా, మారియమ్మకు నిజం రాయి. పోలీసోళ్ళకు సెప్పు. పేపర్లో ఫోటో ఏయిద్దాం” అన్నావు. ఒక పిల్లవాడు పారిపోయాడంటే మనకు పిల్లలను సాకడం చేతకాదనుకుంటారు, సంఘం చేయి తీసేస్తే తక్కిన ముప్ఫై మందీ మళ్ళీ స్టేషన్ పాలవుతారు అన్నాను. ఆ భయం నిజమే ఖాతూన్. అయితే నా పేరు చెడుతుందన్న భయం అంతకంటే పెద్దది. అది అప్పుడు ఒప్పుకోలేదు. “పోయినోణ్ణి ఎతకనోళ్ళం, ఉండేటోళ్ళకు ఏం అమ్మలమక్కా?” అని నువ్వు ట్రంకు పెట్టె తీసుకుని బస్సెక్కావు. నేను ఆపలేదు. పైగా కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత సంగతి నీకు తెలియదు. మన కృష్ణప్ప గుర్తున్నాడా, ఆస్పరి వాడు, నెమ్మదస్తుడు? వాడికి అప్పటికి ఏ కుటుంబమూ దొరకలేదు. వాడి ఫోటో తీయించి, దుర్గప్ప ఎదిగాడు చూడండి అని పంపాను. జాబులు వాడిచేత రాయించాను. పండక్కి బొమ్మలూ ఉన్ని టోపీలూ దుర్గప్ప పేరున వచ్చేవి, వాడు తీసుకునేవాడు. ఆరేళ్ళు అలాగే గడిచింది.

మంగళవారం వాణ్ణి మారియమ్మ ముందు నిలబెట్టాను. పదహారేళ్ళు, వచ్చే నెల పదో తరగతి పరీక్షలు. ముందే చెప్పి ఉంచాను, దుర్గప్పా అంటే పలుకు, అని. ఆమె వాడి రెండు చేతులూ పట్టుకుని ఇంగ్లీషులో ఏదో అంది, ఏడ్చింది. నేను తెలుగులో చెప్పాను. వాడు నా వంక చూడలేదు. ఆమెతోనే అన్నాడు: “నేను దుర్గప్ప కాదమ్మా. నా పేరు కృష్ణప్ప. నాకు నా పేరున ఒక్క జాబన్నా రాయండమ్మా.”

ఆమెకు తెలుగు రాదు. నవ్వుతూ నా వైపు తిరిగింది, ఏమంటున్నాడు అని. ఆ క్షణంలో ఏ అబద్ధం చెప్పినా చెల్లేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్లవాడు తల ఎత్తి నా పెదాలనే చూస్తున్నాడు. వాడు అన్నది అన్నట్టే ఇంగ్లీషులో చెప్పాను. దుర్గప్ప పారిపోయిన సంగతీ చెప్పాను.

ఆమె అరవలేదు. అట్టపెట్టె మూత మూసి, దుర్గప్పను ఎన్ని రోజులు వెతికారు అని మాత్రం అడిగింది. ఖాతూన్ బీ నాలుగు రోజులు వెతికింది, నేను వెతకలేదు అన్నాను. ఖాతూన్ బీ ఎవరు అంది. చూశావా, ఇన్నేళ్ళలో ఒక్క జాబులోనూ నీ పేరు రాయలేదు నేను. ఇల్లు పెట్టింది నేను, వండింది నేను, అన్నీ నేనే అన్నట్టు రాశాను.

వెళ్ళేముందు రోజు చెప్పింది. పిల్లలను వదలరట. కృష్ణప్పకు తానే రాస్తుందట, వాడి పేరునే. నాకు మాత్రం ఇక రాయలేనంది. ఈ ఇల్లు ఖాతూన్ బీ చూసుకుంటే బాగుంటుంది, అడగమంది. అందుకే ఈ జాబు. ఉగాదికల్లా నేను మంత్రాలయంలో మా అన్న శ్రీపాదరావు ఇంటికి వెళ్ళిపోతాను. నువ్వు వచ్చే రోజు నేను ఎదురుపడను. తాళాలు దస్తగిరమ్మ దగ్గర ఉంటాయి. పిల్లల కోసం రా చెల్లీ.

నీ మన్నింపు అడిగే ముఖం లేని
రమాబాయి.

తా.క.: పైన సంతకం పెట్టి కవరు అంటించి, మళ్ళీ చింపాను. ఒక మాట మారియమ్మకు కూడా చెప్పలేదు. నువ్వు వెళ్ళిన రెండు నెలలకు దుర్గప్ప తిరిగొచ్చాడు. మిట్టమధ్యాహ్నం గేటు దగ్గర నిలబడ్డాడు. చిక్కిపోయాడు, మోకాలికి గుడ్డ కట్టి ఉంది. అప్పటికే కృష్ణప్ప ఫోటో వెళ్ళిపోయింది. వాణ్ణి లోపలికి పిలవలేదు నేను. “ఖాతూనమ్మ యాడికి పోయింది?” అన్నాడు. బస్సులో గంట దూరంలో ఉన్నావని నాకు తెలుసు. తెలియదన్నాను. “ఆయమ్మ వస్తే నేను వచ్చినానని సెప్పండి” అని స్టేషను వైపు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు చెబుతున్నాను ఖాతూన్. వాడు వచ్చినాడు.